నడుం నొప్పితో చైనాలో

మా అమ్మాయికి బీజింగ్‌లో ఉద్యోగం వచ్చినప్పటి నుంచీ రమ్మని పిలుస్తూనే ఉంది. నడుం నొప్పితో అంతసేపు విమానంలో కూర్చోలేనని నేను వాయిదా వేస్తూ వచ్చాను. చివరికి ఆ నడుం నొప్పే నన్ను విమానం ఎక్కించింది. బ్యాంకు కౌంటర్లో ఏళ్ళ తరబడి కూర్చుని తెచ్చుకున్న నొప్పి అది. పొద్దున్నే మంచం దిగాలంటే ఒక చేత్తో గోడ పట్టుకోవాలి. కింద పడ్డ చెంచా తీయాలన్నా ఎవర్నో కేకెయ్యాలి. విజయవాడలో ఎముకల డాక్టరుగారు ఎమ్మారై తీయించి, డిస్కు కొంచెం ఉబ్బిందని, నరం మీద ఒత్తిడి పెద్దగా లేదని, ఆపరేషన్ అవసరం రాదని చెప్పారు. వ్యాయామాలు నేర్పించారు, మాత్రలు రాశారు. వ్యాయామాలు ఇప్పటికీ చేస్తున్నాను. మాత్రలు కడుపులో మంట పెడుతుంటే ఆయనే తగ్గించేశారు. ఆక్యుపంక్చర్ చేయించుకోవచ్చా అని అడిగితే, "చేయించుకోండమ్మా, నొప్పి తగ్గితే మంచిదేగా. కాని సూదులు డిస్కుని లోపలికి నెడతాయని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి" అన్నారు. ఆ మాట గుర్తుపెట్టుకునే బయల్దేరాను.

హైదరాబాదు నుంచి హాంకాంగ్ మీదుగా వెళ్ళాం, నేనూ మావారూ. నడవ పక్క సీటు అడిగి తీసుకుని, వీలు దొరికినప్పుడల్లా లేచి నడిచాను. నడుం నొప్పి ఉన్నవాళ్ళకి ఆ ప్రయాణం గురించి నేను చెప్పగలిగింది అంతే.

మా అమ్మాయి ముందే మాట్లాడి పెట్టింది ఒక పెద్ద ప్రభుత్వ ఆస్పత్రిలో. సంప్రదాయ వైద్యానికి పేరున్న చోటు. ఒకే కప్పు కింద ఎమ్మారై గది ఉంది, రక్తపరీక్షల గది ఉంది, వేళ్ళూ బెరళ్ళూ తూచి కషాయాలకి పొట్లాలు కట్టే పొడవాటి గదీ ఉంది. పాస్‌పోర్టు చూపించి కిటికీ దగ్గర చీటీ తీసుకోవాలి. పెద్ద డాక్టరుకి ఒక రుసుము, చిన్న డాక్టరుకి ఒక రుసుము. డాక్టరు రాసిచ్చాక మళ్ళీ కిందికొచ్చి డబ్బు కట్టి, ఆ రసీదుతో పైకెళ్ళాలి. బెంచీల మీద ఎక్కువగా నా వయసు వాళ్ళూ, నాకంటే పెద్దవాళ్ళూ. ఫ్లాస్కుల్లో వేడి నీళ్ళు తెచ్చుకుని గుక్కగుక్కగా తాగుతూ కూర్చున్నారు. వింతవైద్యానికి వచ్చామన్న బెరుకు ఎవరి ముఖంలోనూ లేదు. మనవాళ్ళు కంటి పరీక్షకి వచ్చి కూర్చున్నంత మామూలుగా కూర్చున్నారు.

కింద హాల్లో నిలువెత్తు కంచు మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా చిన్న చిన్న గుంటలు, ఒక్కో గుంట పక్కన చైనా అక్షరాల్లో పేరు. అసలు విగ్రహానికి అది నకలు. ఉత్తర సాంగ్ చక్రవర్తి ఆజ్ఞ మీద వాంగ్ వెయ్‌యీ అనే ఆస్థాన వైద్యుడు 1027లో ఇలాంటి కంచు విగ్రహాలు రెండింటిని పోత పోయించాడు. మన రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడు ఏలుతున్న కాలం అది. విగ్రహం లోపల బోలు. ఒంటి నిండా మైనం పూసి గుంటలన్నీ మూసేసి, లోపల నీళ్ళు నింపి, పరీక్షకి వచ్చిన శిష్యుడి చేతికి సూది ఇచ్చేవారట. అడిగిన చోటు సరిగ్గా గుర్తుపట్టి గుచ్చితే నీళ్ళు బయటికొస్తాయి. తప్పితే సూది దిగదు. అప్పట్లో వాటి మీద 354 స్థానాలకి పేర్లు రాశారు. ఇప్పటి చాలా పాఠ్యపుస్తకాల్లో ఉన్నవి 361. దాదాపు వెయ్యేళ్ళ కిందట వైద్యవిద్యకి ఇంత నిక్కచ్చి పరీక్ష పెట్టిన వాళ్ళంటే నాకు గౌరవం కలిగింది. చదువుకున్న చేతికీ చదువుకోని చేతికీ తేడా ఉంటుందని, ఆ తేడా రోగి ఒంటి మీద కాకుండా ముందే కంచు మీద తేలాలని వాళ్ళు అనుకున్నారు.

డాక్టరమ్మకి యాభై దాటి ఉంటాయి. నాడి పట్టుకుని కళ్ళు మూసుకుంటుందని ఎదురుచూస్తే, ముందు నా ఎమ్మారై ఫిల్ములు తీసుకుని వెలుతురుకి పెట్టి చూసింది. నన్ను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఒక్కొక్కటే నిటారుగా లేపింది. బొటనవేళ్ళ బలం చూసింది. షుగరుందా, రక్తం పలచబడే మందులేమైనా వాడుతున్నావా, గుండెకి పేస్‌మేకర్ ఉందా, రాత్రి పూట నొప్పి నిద్ర లేపుతుందా, ఈమధ్య బరువు తగ్గావా — అన్నీ అడిగి రాసుకుంది. ఆ తర్వాతే నాలుక చూసి, రెండు మణికట్ల దగ్గరా మూడేసి వేళ్ళు ఆనించి నాడి చూసింది. మా అమ్మాయి అటూ ఇటూ మాటలు అందిస్తోంది. డిస్కు సరవుతుందా అని నేనే అడిగాను. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "డిస్కు అలాగే ఉంటుంది. నొప్పి తగ్గొచ్చు. తగ్గినప్పుడు నువ్వు ఎక్కువ నడుస్తావు, ఎక్కువ నడిస్తే నడుం గట్టిపడుతుంది" అంది. విజయవాడ డాక్టరుగారు చెప్పిన మాటకీ ఈవిడ మాటకీ ఎక్కడా పేచీ లేదు. నా ధైర్యం అక్కడే సగం కుదిరింది.

రెండో అంతస్తులో సూదుల గది. తలుపు తీయగానే ఒక వాసన కొట్టింది, బాగా తెలిసిన వాసన. ఒక్క నిమిషం ఎక్కడిదో తట్టలేదు. పక్క మంచం మీద ఒకావిడ మోకాలి దగ్గర చుట్టలాంటిది పొగలు కక్కుతోంది. అది మాచిపత్రి. వినాయక చవితి పూజలో మొట్టమొదట వేసే ఆకు. అదే జాతి మొక్క ఆకుల్ని వీళ్ళు ఎండబెట్టి, నలిపి దూదిలా చేసి, చుట్ట చుట్టి, అంటించి, నొప్పి ఉన్నచోట చర్మానికి కాస్త ఎడంగా పట్టుకుని కాపడం పెడతారు. చైనావాళ్ళు ఈ వైద్యానికి పెట్టుకున్న పేరులోనే సూదీ, ఈ కాపడమూ రెండూ ఉన్నాయి. 2010లో యునెస్కో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కూడా రెండింటినీ కలిపే చేర్చింది.

నన్ను బోర్లా పడుకోమన్నారు. ముఖం పెట్టుకోవడానికి మంచానికి తలవైపు గుండ్రటి ఖాళీ ఉంది. నర్సమ్మాయి నన్ను "ఆయీ" (పిన్నీ) అని పిలుస్తూ జాకెట్టు పైకి జరిపి నడుమంతా స్పిరిట్‌తో తుడిచింది. డాక్టరమ్మ నా కళ్ళ ముందే పొట్లం చించి సూదులు చూపించింది. వెంట్రుక కంటే లావే గాని, పావు మిల్లీమీటరే. మనకి ఇంజెక్షన్ ఇచ్చే సూది దానికి రెండింతల పైన ఉంటుంది. పైగా అందులో ఉండే బోలు దీన్లో ఉండదు, మందూ ఉండదు. వెన్నెముకకి రెండు పక్కలా, రెండు వేళ్ళ ఎడంలో, బొడ్డుకి వెనకగా వచ్చే ఎత్తున ఒక జత. దానికి కొంచెం కింద ఇంకో జత. రెండు మోకాళ్ళ వెనక మడతల్లో చెరొకటి. పిరుదు మీద మాత్రం పొడవాటి సూది దింపింది.

చర్మం దాటేటప్పుడు చీమ కుట్టినట్టు అనిపించింది, అంతే. ఆ తర్వాత ఆవిడ సూది మొదలు పట్టుకుని అటూ ఇటూ మెల్లిగా తిప్పుతుంటే లోపల మొదలైంది అసలు సంగతి. నొప్పి అనలేను. లోపల్లోపల బరువుగా, తీపుగా, తిమ్మిరెక్కినట్టు, కాలు పొడుగునా ఎవరో లాగుతున్నట్టు. పిరుదు దగ్గరి సూదికి ఆ లాగుడు మడమ దాకా పాకింది. నేను "ఆ" అనగానే ఆవిడ చెయ్యి ఆపేసింది. ఆవిడకి కావలసింది అదే. ఆ లాగుడు రాకపోతే సూది పనిచెయ్యలేదని వాళ్ళ లెక్క. తర్వాత నడుం దగ్గరి సూదులకి చిన్న చిన్న క్లిప్పులు తగిలించి పెట్టెలోంచి సన్నటి కరెంటు పెట్టారు. కండరం టకటకా కొట్టుకోవడం మొదలైంది. పైన ఎర్రటి వెచ్చటి దీపం. దాదాపు అరగంట అలాగే ఉంచారు. నాకు నిద్ర పట్టేసింది.

లేచి కూర్చున్నాక నొప్పి మాయమైపోలేదు. మొదటి రోజు ఒళ్ళు వదులైనట్టుంది, రాత్రి బాగా నిద్రపోయాను, అంతకుమించి ఏమీ లేదు. పదిసార్లు ఒక విడత అని వాళ్ళ పద్ధతి. రోజు విడిచి రోజు వెళ్ళాను. విడత సగంలో ఉండగా ఒక పొద్దున మంచం దిగి బాత్రూం దాకా వెళ్ళాక గుర్తొచ్చింది, గోడ పట్టుకోలేదని. విడత అయ్యేసరికి నా లెక్కలో నొప్పి సగానికి వచ్చింది. వంగితే ఇప్పటికీ పట్టేస్తుంది, ఎక్కువసేపు నిలబడితే మొదలవుతుంది. కాని అమ్మాయితో కలిసి వేసవి రాజభవనం చెరువు గట్టున సాయంత్రమంతా నడిచాను. ఏళ్ళ తర్వాత అంత దూరం నడవడం. ఆ సగం నాకు చాలా పెద్ద విషయం.

నాకు తగ్గింది కాబట్టి అందరికీ తగ్గుతుందని రాస్తే అది నిజాయితీ కాదు. లోకం ఈ సూదుల్ని ఎన్నిరకాలుగా పరీక్షించిందో కూడా చెప్పాలి. బీజింగ్‌లోనే హాన్ జీషెంగ్ అనే శాస్త్రవేత్త 1965లో ఈ పరిశోధన మొదలుపెట్టారు. సూదులు పెట్టిన కుందేలు మెదడులోని ద్రవం తీసి సూదులు పెట్టని కుందేలుకి ఎక్కిస్తే దానికీ నొప్పి ఓర్చుకునే శక్తి పెరిగింది. అంటే సూది పడ్డప్పుడు మెదడు తనంతట తాను నొప్పిని అణిచే రసాయనాలు విడుదల చేస్తోందన్న మాట. కరెంటు వేగం మారిస్తే విడుదలయ్యే రసాయనమూ మారుతుందని ఆయన తర్వాత చూపించారు. నా నడుం మీద పెట్టిన ఆ క్లిప్పుల పెట్టె వెనక ఉన్న చదువు అదే.

జర్మనీలో దీర్ఘకాలం నడుం నొప్పి ఉన్న 1162 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. నిఖార్సైన స్థానాల్లో సూదులు పెట్టినవాళ్ళలో ఆరు నెలల తర్వాత నూటికి 47 మందికి పైగా బాగుపడ్డారు. స్థానాలు కాని చోట్ల పైపైన గుచ్చినవాళ్ళలో 44 మంది. మాత్రలూ వ్యాయామమూ లాంటి మామూలు చికిత్స తీసుకున్నవాళ్ళలో 27 మంది. ఈ మూడు అంకెల్నీ కలిపే చదవాలి. మొదటి అంకె ఒక్కటే చెప్పి ఊరుకునేవాళ్ళున్నారు, రెండోది చెప్పి ఇదంతా బూటకమని కొట్టేసేవాళ్ళున్నారు. నాలాంటి రోగికి మూడోదే ముఖ్యం. ఎక్కడ గుచ్చాలన్న శాస్త్రం ఎంత నిజమో ఇంకా తేలాల్సి ఉంది. సూది వల్ల ఉపశమనం మాత్రం కలుగుతోంది. నడుం నొప్పికీ, మోకాళ్ళ అరుగుదల నొప్పికీ జర్మనీ బీమా సంస్థలు దీనికి డబ్బు చెల్లిస్తున్నాయి. అమెరికాలో వృద్ధుల బీమా అయిన మెడికేర్ 2020 నుంచి దీర్ఘకాల నడుం నొప్పికి చెల్లిస్తోంది. ఇంగ్లండులో మాత్రం నడుం నొప్పికి 2009లో సిఫార్సు చేసి, 2016లో వెనక్కి తీసుకున్నారు. 2021లో కారణం తెలియని దీర్ఘకాలపు నొప్పులకి మళ్ళీ చేర్చారు. పెద్ద పెద్ద నిపుణులే ఇంకా వాదించుకుంటున్నారు.

చైనావాళ్ళూ ఎప్పుడూ ఒక్క మాట మీద లేరు. 1822లో దావోగువాంగ్ చక్రవర్తి రాజవైద్యశాలలో సూదుల వైద్యాన్ని నిషేధించాడు. 1929లో అప్పటి ప్రభుత్వం సంప్రదాయ వైద్యాన్నే ఎత్తేయాలని చూస్తే వైద్యులు ఏకమై ఆపారు. ఇక 1971లో అమెరికా పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్‌కి బీజింగ్‌లో అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. సూదులే మత్తుగా పెట్టి కోశారని మనవాళ్ళు చాలామంది ఇప్పటికీ చెబుతారు. అది తప్పు. ఆపరేషన్ మామూలు మత్తు ఇంజెక్షన్‌తోనే చేశారు. తర్వాత కడుపు ఉబ్బి బాధపడుతుంటే మోచేతికీ మోకాళ్ళ కిందా సూదులు పెట్టారు. ఆయన అదే రాశాడు. అది చదివి పడమటి దేశాలు ఇటు తిరిగి చూశాయి.

బీజింగ్ నుంచి షిజియాజ్వాంగ్‌కి వేగరైలు ఎక్కాం. 280 కిలోమీటర్లు, గంటా పావు దాటకుండా దింపేసింది. అక్కడికి వెళ్ళడానికి కారణం ఒక సమాధి. అక్కడ వైద్యం చదువుతున్న తెనాలి కుర్రాడు స్టేషన్‌కి వచ్చాడు. "నెమ్మదిగా రండి ఆంటీ, మెట్లు ఉన్నాయి" అంటూ నా చేతి సంచీ లాక్కున్నాడు. ఉత్తర చైనా అమరవీరుల శ్మశానవాటికలో సరుగుడులాంటి పొడవాటి పచ్చటి చెట్ల మధ్య నడిచి వెళ్తే, డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ సమాధి, విగ్రహం. రాతి పలక దగ్గర ఎవరో పెట్టిన చామంతులు తాజాగా ఉన్నాయి.

షోలాపూర్‌లో 1910లో పుట్టిన మనిషి. జపాన్ దాడిలో నలుగుతున్న చైనాకి 1938లో కాంగ్రెస్ పంపిన అయిదుగురు డాక్టర్లలో ఒకడు. మిగతావాళ్ళు ఇంటికి తిరిగొచ్చారు. ఈయన అక్కడే ఉండిపోయి, కొండల్లో గాయపడ్డ సైనికులకి ఆపరేషన్లు చేసి, గువో చింగ్‌లాన్ అనే నర్సుని పెళ్ళాడి, కొడుకు పుట్టిన కొద్ది నెలలకే 1942 డిసెంబరు 9న మూర్ఛవ్యాధితో కన్నుమూశాడు. అప్పటికి వయసు 32. ఆ పిల్లవాడి పేరు ఇన్‌హ్వా, రెండు దేశాల పేర్లూ కలిపి పెట్టింది. నేను అక్కడ నిలబడి దణ్ణం పెట్టుకున్నాను. మావారు చాలాసేపు మాట్లాడలేదు.

మన దేశంలో ఆక్యుపంక్చర్ ఆస్పత్రులకి, సంఘాలకి కోట్నీస్ పేరు కనబడుతుంది. అందువల్ల ఆయనే ఈ సూదుల్ని తెచ్చాడనుకుంటారు. కోట్నీస్ శస్త్రచికిత్స డాక్టరు. సూదుల్ని తెచ్చింది ఆ అయిదుగురిలో ఇంకొకరు, కలకత్తా డాక్టర్ బిజయ్ కుమార్ బసు. 1950ల చివర్లో మళ్ళీ చైనా వెళ్ళి అక్కడే ఈ వైద్యం నేర్చుకుని, తిరిగొచ్చి కలకత్తాలో మొదలుపెట్టారు. నేర్చుకున్నది తన మిత్రుడి పేరు మీద నలుగురికీ పంచారు. బీజింగ్‌లో నా నడుములో దిగిన సూదికి మన దేశంతో ఇంత దగ్గరి చుట్టరికం ఉందని ఆ సమాధి ముందు నిలబడితేగాని నాకు తెలిసి రాలేదు.

మర్నాడు కారులో దక్షిణంగా వెళ్ళి నెయ్‌చ్యూలో బియెన్ చ్వే గుడి చూశాం. తైహాంగ్ కొండల పాదంలో, రాళ్ళలోంచి లేచిన ముసలి సైప్రస్ చెట్ల పక్కన ఉంది. చైనావాళ్ళకి ఈయన ఆదివైద్యుడు, మనకి ధన్వంతరిలా. చనిపోయాడని అందరూ ఏడుస్తున్న యువరాజుని చూసి ఇంకా ప్రాణం ఉందని కనిపెట్టి, శిష్యుడి చేత సూదులు నూరించి లేపాడని క్రీస్తుకు పూర్వం సీమా చియెన్ రాసిన చరిత్రలో ఉంది. అదే చోట ఆయన పేరున నయం కాని రోగుల జాబితా కూడా ఉంది. అందులో ఒకరు, వైద్యుణ్ణి వదిలి భూతవైద్యుణ్ణి నమ్మేవాడు. గుడిలో మొక్కుకుంటున్న వాళ్ళని చూస్తూ ఆ మాటే తలుచుకున్నాను.

తిరిగొచ్చాక విజయవాడలో మళ్ళీ నొప్పి పెరిగినప్పుడు ఇక్కడ ఎవరైనా చేస్తారా అని వెతికాను. పేరు చెప్పను గాని, మొదట వెళ్ళిన చోట నా ఎమ్మారై కవరు కూడా తెరవలేదు. సూది పెడితే బీపీ మాత్ర అక్కర్లేదని, థైరాయిడ్ మాత్ర కూడా ఆపేయొచ్చని, నా పక్కన కూర్చున్న షుగరు పేషెంటుకి ఇన్సులిన్ మానేయమని చెప్పారు. నాకు కాళ్ళు వణికాయి. బయటికొచ్చి ఆవిడని ఆపి, దయచేసి ఇన్సులిన్ మానకండమ్మా అని బతిమాలాను. కేంద్ర ప్రభుత్వం 2019లో ఆక్యుపంక్చర్‌ని చికిత్సా పద్ధతిగా గుర్తించింది. మహారాష్ట్ర చట్టం చేసి కౌన్సిల్ పెట్టింది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఎవరు చదువుకున్నారో, ఎవరు వారాంతపు శిక్షణతో బోర్డు పెట్టారో రోగి తేల్చుకునే దారి సులువుగా ఉండాలి. ప్రభుత్వాలు ఆ పని చేయాలి. వెయ్యేళ్ళ కిందట కంచు మనిషికి మైనం పూసి పరీక్ష పెట్టినవాళ్ళు చేయగలిగింది మనం చేయలేమా?

ఇప్పుడు నేను వెళ్తున్న ఆవిడ ఎంబీబీఎస్ చదివి, తర్వాత ఈ సూదులు నేర్చుకున్న డాక్టరు. నొప్పి ఎక్కువైనప్పుడు కొన్నిసార్లు చేయించుకుంటాను, వ్యాయామం మానను, రోజూ నడుస్తాను.

ఏళ్ళ తరబడి నడుం నొప్పితోనో మోకాళ్ళ నొప్పితోనో, పార్శ్వపు తలనొప్పితోనో బాధపడుతున్నవాళ్ళు మొహమాటం లేకుండా ఈ సూదుల్ని ప్రయత్నించి చూడండి. అయితే ముందు మీ డాక్టరు చేత నొప్పికి కారణం తేల్చుకోండి. కాళ్ళలో బలం తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పినా, జ్వరంతో వెన్ను నొప్పి వచ్చినా సూదుల దగ్గరికి కాదు, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి. గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పండి. సూదుల పొట్లం మీ కళ్ళ ముందు చించమని అడగండి, ఒకసారి వాడినవి పారేయమనండి. పది సార్లయినా తేడా తెలియకపోతే ఆపేయండి. మీ మాత్రలు ఆపేయమన్న చోటి నుంచి మాత్రం వెంటనే లేచి వచ్చేయండి.